నీది ఏ విచారణ?

మొన్న ఆఫీసులో ఉండగా ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన, వెలిసిపోయిన ఖాకీ చొక్కా, జేబులోంచి పైకి కనపడుతున్న చిన్న నోటుబుక్కు. ఫొటో కింద రెండు ముక్కలు: "మన విచారణ పూర్వ ఉపదేశి గారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు. రేపు పది గంటలకు భూస్థాపన."

పక్క సీటావిడ నా భుజం మీదుగా తొంగిచూసింది. ఆవిడకి లోకంలో ప్రతి సంగతీ కావాలి. ఆ మాటకొస్తే నాకూ కావాలి, అందుకే మా ఇద్దరికీ పడుతుంది.

"విచారణ ఏంటండీ? ఎవరి మీద? ఏం కేసు?" అంది.

నాకు నవ్వొచ్చింది. చావు కబురు చేతిలో పెట్టుకుని నవ్వడమేమిటని నాకే సిగ్గేసి, లేచి మెట్ల దగ్గరికి పోయి కూర్చుని ఏడ్చాను. కాసేపటికి ఆవిడే మంచినీళ్ల సీసా పట్టుకుని వచ్చింది. ఆర్సీఎం వాళ్లలో, అంటే కేథలిక్కుల్లో, ఒక ఫాదర్ గారి కింద ఉండే ఊళ్లన్నిటినీ కలిపి ఒక విచారణ అంటారని, పోలీసులకీ దానికీ సంబంధం లేదని చెప్పాను. "మీవాళ్లకి వేరే మాట దొరకలేదా?" అంది. నేనూ చిన్నప్పుడు అదే అనుకున్నాను. పన్నెండేళ్లు వచ్చేదాకా ఆ మాటకి ఆ అర్థం ఉందని నాకూ తెలియదు. తెలియకే ఆ ఫొటోలో ఉన్నాయన క్లాసులో మొదటిరోజే నా కొంప నేను ముంచుకున్నాను.

ఆయన ఉద్యోగం కాలువ మీద. లస్కరు. చల్లపల్లి దగ్గర మా అమ్మమ్మ ఊరి పక్కనుంచి పోయే పంటకాలువకి తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు మీద సైకిలేసుకుని తిరుగుతూ నీటి మట్టం ఎంతుందో చూసి పుస్తకంలో రాసుకోవడం ఆయన పని. ఆదివారం పూజ అయ్యాక ఉపదేశిగా గుడి వరండాలో పిల్లలకి సత్యోపదేశం, అంటే ప్రార్థనలూ ఆజ్ఞలూ, చెప్పేవారు. ఊళ్లో పెద్దవాళ్లకి లస్కరు గారు, మాకు మాస్టారు. చేతులకి ఎప్పుడూ గ్రీజు వాసన. శిలువ గుర్తు వేసుకుంటే నుదుటి మీద కూడా కొంచెం అంటుకునేది. పాట మాత్రం పాడనిచ్చేవాళ్లు కాదు. ఆయన గొంతెత్తితే హార్మోనియం వాయించే సిస్టరుకి చేతులు ఆగిపోయేవి, అందుకని పూజలో ఆయన పెదాలు మాత్రం కదిపేవారు.

ఏ మాస్టారైనా పిల్లలకి ఎదురుగా నిలబడి చెబుతాడు. ఈయన వచ్చి వెనక వరస వెనకాల నిలబడేవారు. చాపల మీద వరసగా కూర్చున్న మేమంతా మెడలు తిప్పాల్సిందే.

"శివారు నుంచి మొదలెడదాం," అనేవారు.

కాలువ చిట్టచివర ఉండే పొలాలని శివారు అంటారు. తూము పక్కన పొలమున్నవాడికి నీళ్లు ఎవరూ పెట్టక్కర్లేదు, వాడే పెట్టుకుంటాడు. ఎండిపోయేది ఎప్పుడూ శివారే. అక్కడికి నీళ్లు వెళ్లాయంటే మధ్యలో అందరికీ వెళ్లినట్టు లెక్క. ఇది ఆయన ఉద్యోగం ఆయనకి నేర్పిన సంగతి, దాన్ని తెచ్చి సత్యోపదేశానికి పెట్టేశారు. ప్రార్థన రానివాళ్లని, చదవడం సరిగ్గా రానివాళ్లని, గోడకి ఆనుకుని నిద్రపోయేవాళ్లని ముందు అడిగేవారు. ముందు వరసలో చేతులెత్తి ఊగిపోయే పిల్లలు గంటసేపు అలాగే ఊగేవాళ్లు. వాళ్లలో ఒక తెలివైన పిల్ల, ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి చివరి వరసలో కూర్చుంది. ఆయన చూసి, "ఓహో, ఈ వారం శివారు అటు మారిందే," అని గొడుగు చంకలో పెట్టుకుని ముందుకి నడిచి అక్కడ్నుంచి మొదలుపెట్టారు.

ఏదైనా తెలియకపోతే తెలియదని చెప్పడానికి ఆయనకి ఏ మాత్రం మొహమాటం ఉండేది కాదు. "చూసొచ్చి చెప్తా," అనేవారు. నీటి మట్టం ఎంతుందని రైతు అడిగితే ఏం చెప్పేవారో అదే మాట. జేబులోంచి నోటుబుక్కు తీసి, ఒక పక్క మట్టాలు రాసుకునే పేజీకి రెండో పక్కన మా ప్రశ్న రాసుకునేవారు. ఒకసారి చివరి వరసలోంచి ఎవరో, కానా ఊరి పెళ్లిలో ప్రభువు ద్రాక్షారసం చేసిన నీళ్లు కాలువవా, బోరువా అని అడిగారు. అందరం పకపకా నవ్వాం. ఆయన రాసుకున్నారు. మరుసటి ఆదివారం వచ్చి చెప్పారు.

"ఫాదర్ గారిని అడిగితే నవ్వారు. నవ్వితే కాదండీ, పిల్లలు అడుగుతున్నారు, చెప్పండి అన్నాను. రాతి బానల్లో నీళ్లని ఉంది గానీ, ఎక్కడివో రాయలేదంట. నా మటుకు బావి నీళ్లే అయ్యుంటాయి. ఎండాకాలం కాలవ కట్టేసుంటారు గదా."

"పెళ్లి ఎండాకాలం అని మీకెట్టా తెలుసండీ?"

"పెళ్లిళ్లు మరెప్పుడు చేస్తారే?"

ఇలాంటి మనిషి క్లాసులోకి నేను పోయి పడ్డాను. ఎందుకు పడ్డానో చెప్పాలి.

మా నాన్న లారీ డ్రైవరు. ఇబ్రహీంపట్నంలో లోడు ఎత్తి బందరు రోడ్డున కిందికి తోలేవాడు. ఒక తెల్లవారుజామున పామర్రు దగ్గర మంచు బాగా పట్టేసి ఉండగా సైకిలు మీద పోతున్న మనిషిని గుద్దాడు. ఆ మనిషి అక్కడికక్కడే పోయాడు. నాన్నే దిగి అతన్ని ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడంట, పోలీసులు వచ్చేదాకా. బెయిలు మీద బయటికొచ్చాక మళ్లీ స్టీరింగు పట్టలేదు. విజయవాడలో ఇల్లు ఖాళీ చేసి అమ్మమ్మ ఊరికి వచ్చేశాం. నాన్న పెరట్లో మంచం వేసుకుని కూర్చునేవాడు. అన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిని, చేయి కడిగేసుకునేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎక్కువగా వినపడిన మాట ఒకటే. విచారణ ఎప్పుడంట, విచారణ వాయిదా పడిందంట, విచారణకి లాయరు గారు వస్తారో రారో. ఆ మాట వినపడగానే నేను లేచి అరుగు మీదికి పోయేదాన్ని.

అమ్మ పుట్టింటివాళ్లు ఆర్సీఎం. నాన్నవాళ్లది వేరే సంఘం. నేను విజయవాడలో నాన్న సంఘంలో పెరిగాను. అక్కడ సంఘం అంటారు, పాస్టరు గారు అంటారు. విచారణ అనే మాటే లేదు. పల్లెటూరికి వచ్చాక అమ్మ నన్ను పూజకి తీసుకెళ్లి, అయ్యాక క్లాసులో కూర్చోబెట్టి వెళ్లిపోయింది. ఎవరూ నన్ను ఏమీ అడగకూడదని చివరి వరసలో, స్తంభం వెనక కూర్చున్నాను. శివారు సంగతి నాకేం తెలుసు? ఆయన తిన్నగా నా దగ్గరికే వచ్చారు.

"కొత్తమ్మాయివా? నీది ఏ విచారణ అమ్మా?"

ఈ ఊరికీ తెలిసిపోయిందా అనుకున్నాను. లేచి నిలబడి చేతులు కట్టుకున్నాను.

"కోర్టులోనండీ," అన్నాను. "ఇంకా వాయిదాలున్నాయంటండీ. మా నాన్న కావాలని చెయ్యలేదండీ."

ముందు వరసలు ఘొల్లుమన్నాయి. నేను చివర అన్న మాట వాళ్లదాకా వెళ్లడానికి కాస్త సమయం పట్టింది. వెళ్లాక ఒక్కొక్కరే నవ్వు ఆపారు. నాకు ఏం తప్పు చెప్పానో తెలియలేదు గానీ, చెప్పకూడనిది చెప్పేశానని మాత్రం తెలిసింది. భూమిలోకి పోవాలనిపించింది.

మాస్టారు నవ్వలేదు. పిల్లల్ని కసరనూ లేదు. గొడుగు గోడకి ఆనించి నా ముందు గొంతుక్కూర్చున్నారు.

"అక్కడ జరిగేది జరుగుద్ది. మరి ఈ ఊరొచ్చాక మీ ఇంటికి ఎవరన్నా వచ్చారా? ఎట్టా ఉన్నారు, ఏం తింటన్నారు అని అడిగారా?"

"లేదండీ."

"అయితే నీకింకా విచారణ లేదన్నమాట. సాయంత్రం వస్తాను," అని నోటుబుక్కు తీసి రాసుకున్నారు.

సాయంత్రం అన్నట్టే వచ్చారు. వచ్చి, తడిక దగ్గర సైకిలు స్టాండు వేసి, "విచారణ నుంచి వచ్చానమ్మా," అని కేకేశారు. అమ్మకి తెలుసు కాబట్టి కుర్చీ తెచ్చి వేసింది. పెరట్లో ఉన్న నాన్నకి తెలియదు. ఆ మాట చెవిన పడగానే లుంగీ ఎగ్గట్టుకుని వెనక దొడ్డిదారిన కాలువ గట్టు ఎక్కేశాడు. అమ్మ తలకొట్టుకుంది. ఆయన మంచినీళ్లు తాగి, అమ్మమ్మ మోకాళ్ల గురించి అడిగి, ఆ తర్వాత తాపీగా సైకిలు నడిపించుకుంటూ తనూ గట్టెక్కారు.

నేను అరుగు మీద నిలబడి చూస్తున్నాను. తూము దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. తర్వాత నాన్న లేచి తూము తలుపు తిప్పే ఇనుప చక్రం పట్టుకున్నాడు. ఆయన పక్కన నిలబడి చూస్తున్నారు. నాన్న ఇంటికి వచ్చేసరికి చేతులనిండా గ్రీజు. ఆ పూట అన్నం మళ్లీ అడిగి పెట్టించుకున్నాడు. అమ్మ వంటింట్లోకి పోయి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమన్నారు నాన్నా?" అని నేను ప్రాణం తీశాను.

"ఏమంటారు? చక్రం బిగుసుకుపోయింది, కాస్త తిప్పిపెట్టు అన్నారు."

మరుసటి ఆదివారానికి పిల్లలు నాకు పేరు పెట్టేశారు, కోర్టు పిల్ల అని. నేను లెక్కచేయలేదు. నాకు అంతకంటే పెద్ద బెంగ ఒకటుంది. ఎవర్నడగాలో తెలియక ఆర్నెల్ల నుంచి లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. ఆయన శివారుకి రాగానే లేచి అడిగేశాను.

"మాస్టారూ, మంచులో కనపడక గుద్దితే, ఆరో ఆజ్ఞ మీరినట్టాండీ?"

"ఐదో ఆజ్ఞ," అన్నారు ముందు వరసవాళ్లు ఒక్క గొంతుతో. నరహత్య చేయకూడదన్నది నాన్న సంఘం లెక్కలో ఆరోది, వీళ్ల లెక్కలో ఐదోది. అదీ నాకు తెలియదు.

"లెక్క తర్వాత చూసుకుందాం. ముందు అమ్మాయి ఏమడుగుతోందో వినండి," అన్నారు ఆయన. నోటుబుక్కు తీశారు. రాసుకుని, "చూసొచ్చి చెప్తానమ్మా," అన్నారు.

చెప్పలేదు. ఆదాము ఎంత పొడుగో, యోర్దాను నదికి ఆనకట్ట ఉందో లేదో, అన్నిటికీ జవాబులు మోసుకొచ్చిన మనిషి నా ఒక్క ప్రశ్నకి మాత్రం తేలేదు. ప్రతి ఆదివారం ఆయన జేబు వంక చూసేదాన్ని. రెండుమూడుసార్లు సిగ్గువిడిచి అడిగాను కూడా. "చూస్తానే ఉన్నానమ్మా," అనేవారు. మా నాన్న నరకానికి పోతాడో లేదో చెప్పడానికి ఇంత చూడాలా అని నాకు ఒళ్లు మండేది. పోతాడనే జవాబు అయ్యుంటుంది, నాతో చెప్పలేక దాటేస్తున్నారు అనుకునేదాన్ని. పడుకోబోయే ముందు నాన్న మొహం చూసి దుప్పటి కప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి.

రెండేళ్లకి కేసు కొట్టేశారు. నాన్న తప్పు లేదని జడ్జి గారు చెప్పారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నాన్న తప్ప. తర్వాత విజయవాడ వచ్చేశాం. నాన్న ఒక గోడౌనులో పనికి కుదిరాడు. లారీ ఎక్కడం మాత్రం ఎక్కలేదు. నేను చదువుకున్నాను, ఉద్యోగంలో చేరాను, పెళ్లయింది, పిల్లలు. ఆయన మీద కోపం అలాగే ఉండిపోయింది. జడ్జి గారు చెప్పగలిగిన మాట ఆయన చెప్పలేకపోయారని.

ఇంకొకటి చెప్పడం మర్చిపోయాను. అమ్మమ్మ ఊళ్లో ఉన్నప్పుడే, నెలకొక ఆదివారం క్లాసు అయిపోగానే మాస్టారు, నాన్న కలిసి పామర్రు బస్సెక్కేవాళ్లు. ఎక్కడికంటే, "శివారు చూసొస్తాం," అనేవాళ్లు ఇద్దరూ. నాన్న కాలువ పనికి సాయం వెళ్తున్నాడనుకున్నాను. విజయవాడ వచ్చేశాక కూడా నాన్న నెలకోసారి గుడ్డసంచీ పట్టుకుని బస్సెక్కేవాడు. మాస్టారు రమ్మన్నారనేవాడు. లోకంలో ప్రతిదీ ఆరా తీసే నేను దీన్ని మాత్రం ఆరా తీయలేదు. కాలువ అంటే నాకు అప్పటికే విసుగు పుట్టింది.

నిన్న నాన్నని తీసుకుని భూస్థాపనకి వెళ్లాను. అదే వరండా, స్తంభాలకి కొత్త రంగు వేశారు. పెట్టెలో ఆయన ఖాకీ చొక్కాతోనే ఉన్నారు. అలాగే పంపమని ఆయనే చెప్పారంట. జేబులో నోటుబుక్కు కూడా అలాగే ఉంది. దాన్ని చూడగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇరవై ఏళ్లు పైబడి ఎదురుచూసిన జవాబు మట్టిలోకి పోతోందనిపించింది. చేయి పెట్టి తీసుకుందామా అని కూడా అనుకున్నాను. ఫాదర్ గారు చూస్తున్నారని ఆగాను.

వెనక్కి తిరిగేసరికి నాన్న లేడు. వెతికితే వరండా చివర, వెనక స్తంభం దగ్గర కనపడ్డాడు. నేను మొదటిరోజు కూర్చున్న చోటే. అక్కడ కుర్చీలో ఒక ముసలావిడ, నుదుట కుంకుమ, చేతిలో కర్ర. నాన్న ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని సంచీలోంచి మందుల పొట్లం తీస్తున్నాడు.

"ఈ నెల ఆలస్యం అయ్యిందే అబ్బాయ్?" అంటోంది ఆవిడ.

"నా మోకాళ్లూ పనిచేయటంలేదు పిన్నీ. ఎండలో నువ్వెందుకొచ్చావు?"

"ఈయన పోతే రాకుండా ఎట్టారా?"

నాకు తెలియకుండా నాన్నకి ఒక పిన్ని ఎక్కణ్నుంచి వచ్చిందా అని దగ్గరికి వెళ్లాను. "మా అమ్మాయి," అన్నాడు నాన్న తలెత్తకుండా.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "కోర్టు పిల్లేనా?" అంది.

ఆ పేరుతో నన్ను పిలిచి ఎన్నేళ్లయిందో.

"మా వాడు పోయిన ఆర్నెల్లకొచ్చాడమ్మా ఈయన," అని పెట్టె వైపు కర్ర చూపించింది. మా వాడు అన్నాక గానీ ఆవిడ ఆ సైకిలు మనిషి తల్లి అని నాకు తెలియలేదు. తెలిశాక నేనూ నాన్న పక్కన నేల మీద కూర్చున్నాను. "గుమ్మంలో నిలబడి, విచారణ నుంచి వచ్చానమ్మా అన్నాడు. పోలీసే అనుకున్నా. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పించుకుంటారయ్యా అని నోటికొచ్చినట్టు తిట్టా. అన్నీ విని, మా క్లాసులో ఒక పిల్ల కూడా నీలాగే అనుకుందమ్మా అని నీ మాట చెప్పాడు. నాకు నవ్వొచ్చింది తల్లీ. కొడుకు పోయాక నేను నవ్వటం అదే మొదలు. నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చి తలుపేసేసుకున్నా."

"మళ్లీ వచ్చారా?"

"రాకేం? మళ్లీ నెలకే వచ్చాడు. ఆ పిల్ల ఒక మాటడిగిందమ్మా, ఫాదర్ గారు చెప్పాల్సింది చెప్పారు గానీ, ఇది నిన్ను కూడా అడగాల్సిన మాట అన్నాడు. ఐదో ఆజ్ఞో, ఆరో ఆజ్ఞో. చెప్పుచ్చుకు కొడతా పొమ్మన్నా. పోయాడు. మళ్లీ నెల వచ్చాడు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలా. తిన్నావా, మాత్రలేసుకున్నావా, ఇదే. కాలవ గట్టు మీద ఎవరో నిలబడుండేవాడు, ఈయనొచ్చినప్పుడల్లా. ఎండకీ వానకీ అక్కడే. ఎవరయ్యా అతనంటే, నువ్వు పిలిచేదాకా రాడమ్మా అన్నాడు. మూడేళ్లు నిలబడ్డాడు మీ నాన్న. ఒకరోజు వాన పడతా ఉంటే చూడలేక నేనే పిలిచా."

నాన్న మందుల పొట్లం విప్పుతూనే ఉన్నాడు, ముడి రావడం లేదు. నా బుద్ధి ఎక్కడికి పోతుంది, అడిగాను.

"మరి నేనడిగినదానికి మీరేమంటారు?"

"ఏమనాలో నాకిప్పటికీ తెలీదమ్మా. మీ నాన్న మీద కోపం పోయిన రోజులున్నాయి, మళ్లీ వచ్చిన రోజులున్నాయి. పోయిన నెల కూడా వచ్చింది. వచ్చినా అన్నం పెట్టా. ఈయనతో అదే చెప్తే, సరేనమ్మా, చూస్తా ఉందాం అన్నాడు."

చూస్తానే ఉన్నానమ్మా అని నాతో అన్నది దాటవేయడం కాదన్నమాట. ఇన్నేళ్లూ ఆ మనిషిని నేను అనరాని మాటలన్నీ మనసులో అనుకున్నాను. నాన్న చేతిలోంచి పొట్లం తీసుకుని ముడి నేను విప్పాను. నాన్న నా తల మీద చేయి పెట్టాడు.

అప్పుడే ఇప్పటి ఉపదేశి, పాతికేళ్ల కుర్రవాడు, కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ఎక్కడెక్కడి నుంచి వచ్చారో మైకులో చదవాలని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటున్నాడు. ముందు కుర్చీల దగ్గర మొదలుపెట్టి చివరికి మా స్తంభం దగ్గరికి చేరాడు. ఆవిడ నుదుటి కుంకుమ చూసి ఒక క్షణం తటపటాయించి, మర్యాద కోసం అడిగాడు.

"మామ్మగారూ, మీది ఏ విచారణ అండీ?"

నేను చెప్పబోయాను. ఆవిడ నా చేయి పట్టుకుని ఆపి, కర్ర ఎత్తి పెట్టె వైపు చూపించింది.

"ఆయన విచారణేనయ్యా."